నీరు – ఎముక – నెత్తురు

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్ర ఆవిష్కరణ ప్రయోగశాలలో పుడుతుంది. అది ఎవరి బాధను తీర్చడానికి పుట్టిందో వారి గడప చేరినప్పుడే దానికి సార్థకత కలుగుతుంది. నల్లగొండ ప్రాంతాన్ని తరతరాలుగా పీడించిన ఫ్లోరైడ్ సమస్యను ఆధారంగా చేసుకొని, నీటిని శుద్ధి చేసే విధానాలను, రక్తాన్ని శుద్ధి చేసే యంత్రాన్ని, వాటి వెనుక ఉన్న పరిశోధకుల కృషిని, ఆ కృషికి గల పరిమితులను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నుండి విజయవాడకు సాగే జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ పట్టణాల మీదుగా పోతుంది. వాటికి నైరుతి దిక్కున మిర్యాలగూడ ఉంది. ఈ మూడు పట్టణాలూ ఒకప్పుడు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట ప్రత్యేక జిల్లాగా ఏర్పడి కోదాడను తనలో కలుపుకొన్నది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట నుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. లాల్ బహదూర్ కాలువగా పేరొందిన ఎడమ కాలువ పుణ్యమా అని మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల పొలాలు వరి చేలయ్యాయి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు నిలయమైంది.

కాని, ఉమ్మడి జిల్లా అంతటికీ ఈ భాగ్యం దక్కలేదు. కాలువకు ఎగువన ఉన్న మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల మెట్ట గ్రామాలూ, సూర్యాపేట పరిసరాలలోని కొన్ని పల్లెలూ చేదబావుల మీద, ఆ తరువాత బోరుబావుల మీద ఆధారపడి బతికాయి. దిగువన కృష్ణమ్మ పారుతూ ఉండగా, ఎగువన మనుషులు భూగర్భం నుండి తోడుకొన్న నీటినే తాగారు. ఆ నీరు తేటగా ఉండేది. దానికి రంగు లేదు, వాసన లేదు. రుచిలోనూ చెప్పుకోదగిన తేడా లేదు. ఆ తేటనీటిలోనే వారి ఎముకలను వంచే విషం కరిగి ఉన్నది.

వ్యాధి చరిత్ర

భారతదేశంలో ఈ వ్యాధిని శాస్త్రీయంగా గుర్తించినది తెలుగునేల మీదనే. నెల్లూరు ప్రాంతంలో దుక్కిటెద్దులు కాళ్లు బిగుసుకొని నడవలేకపోవడాన్ని మొదట రైతులు గమనించారు. అదే అవస్థ మనుషులలోనూ కనిపించడంతో మద్రాసు సమీపంలోని గిండీలో గల కింగ్ సంస్థకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పరిశోధన జరిపి, ఈ వికారానికి తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని 1937లో ప్రకటించారు. నల్లగొండ జిల్లాలోని రోగుల స్థితిని వివరిస్తూ 1955లో ఎ. హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ వైద్య పత్రికలో వెలువడింది. ఆ వ్యాసంతో నల్లగొండ పేరు ప్రపంచ వైద్యలోకానికి తెలిసింది. తెలిసిన తీరు మాత్రం ఆ జిల్లా కోరుకొన్నది కాదు.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరొక కొత్త సంగతిని లోకం దృష్టికి తెచ్చారు. ఫ్లోరైడ్ ప్రాంతాలలోని పిల్లలలో మోకాళ్లు లోపలికి ఒరిగి ఒకదానినొకటి తాకుతూ, పాదాలు దూరంగా జరిగిపోయే వికారం కనిపిస్తున్నదని వారు తెలిపారు. జలాశయం నుండి ఊరిన నీటివలన భూగర్భజలాల మట్టం పెరిగి, నేలలోని సూక్ష్మ ఖనిజాల పాళ్లు మారి, జొన్నలో మాలిబ్డినం హెచ్చి, శరీరంలోని రాగి తగ్గిపోవడం ఇందుకు దోహదం చేసి ఉండవచ్చునని పరిశోధకులు భావించారు. ఒకరికి అన్నం పెట్టిన ఆనకట్ట మరొకరికి తెలియకుండానే కీడు చేయవచ్చుననే హెచ్చరిక ఇందులో ఉంది.

నేల నుండి నీటికి, నీటి నుండి ఎముకకు

నల్లగొండ నేల అడుగున విస్తారంగా ఉన్నది గ్రానైటు శిల. ఈ శిలలో ఫ్లోరిన్ కలిగిన ఖనిజాలు అనేకం. బైకార్బనేట్లు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న క్షారగుణం గల నీరు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినప్పుడు ఫ్లోరైడ్ మెల్లమెల్లగా నీటిలో కరుగుతుంది. కరువు వచ్చినప్పుడు నీటిమట్టం దిగజారుతుంది. రైతు బోరును మరింత లోతుకు దింపుతాడు. అంత లోతున రాతితో చిరకాలం సహవాసం చేసిన నీరు పైకి వస్తుంది. ఈ విధంగా కరువుకూ ఫ్లోరైడుకూ చుట్టరికం కలిసింది.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. భారతీయ ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మేలు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అంగీకరించవచ్చు. నల్లగొండ ప్రాంతంలోని కొన్ని బావులలో ఇది 8 మిల్లీగ్రాములను కూడా మించింది. ఒక చిన్న లెక్క చూస్తే ఈ అంకెల తీవ్రత అర్థమవుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని ఎండలో పనిచేసే కూలీ రోజుకు 5 లీటర్లు తాగితే అతని శరీరంలోకి 20 మిల్లీగ్రాములు చేరుతుంది. రోజుకు 14 మిల్లీగ్రాములు చేరితేనే ఎముకలకు ముప్పు స్పష్టంగా హెచ్చుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. నీడపట్టున కూర్చొని రెండు లీటర్లు తాగేవానికంటె, చెమటోడ్చి పనిచేసేవానికే ఈ నీరు ఎక్కువ హాని చేస్తుందన్నమాట.

ఎముక కేవలం సున్నపు ముద్ద కాదు. కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ అనే భాగాలు క్రమబద్ధంగా అమరిన స్ఫటికం దానికి బలాన్నిస్తుంది. దీనికి హైడ్రాక్సీ అపటైట్ అని పేరు. ఫ్లోరైడ్ అయాన్ పరిమాణంలోను, విద్యుదావేశంలోను హైడ్రాక్సిల్ అయాన్‌ను పోలి ఉంటుంది. అందువలన అది సులువుగా హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. బాల్యంలో ఈ మార్పు పళ్లమీద పసుపు, గోధుమ రంగు మచ్చలుగా బయటపడుతుంది. జనం వీటినే గారపళ్లు అంటారు. వయసు పెరిగేకొద్దీ ఎముకలు మందమవుతాయి. కీళ్ల దగ్గర స్నాయువులు కూడా గట్టిపడతాయి. వెన్నెముక కదలిక కోల్పోతుంది. వెన్నుపాము ఇరుకునపడి కాళ్లు చచ్చుబడే దశ కూడా రావచ్చు. ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. ఎముకలోని ఈ హైడ్రాక్సీ అపటైట్‌నే శాస్త్రవేత్తలు కృత్రిమంగా తయారుచేసి, విరిగిన ఎముకల ఖాళీలను నింపడానికి, కృత్రిమ కీళ్లకు పైపూతగా వేయడానికి ఉపయోగిస్తున్నారు. ప్రకృతి అమరికను అర్థం చేసుకొన్నవారు వైద్యానికి పనికివచ్చే పదార్థాన్ని సృష్టించగలిగారు.

నల్లగొండ పద్ధతి

నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు. పైగా నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. బట్టతో వడకట్టినా ప్రయోజనం లేదు. ఈ చిక్కుముడిని విప్పే బాధ్యతను నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ స్వీకరించింది. 1958లో వేరొక పేరుతో మొదలైన ఆ సంస్థ 1974లో ఈ పేరు ధరించింది. అక్కడి శాస్త్రవేత్తలు నౌలాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు తమ పద్ధతిని 1975లో సమగ్రంగా ప్రకటించారు. దానికి వారు పెట్టిన పేరు ‘నల్లగొండ పద్ధతి’.

ఈ పద్ధతిలో వాడే వస్తువులు మూడే. అవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. నీటిలో ముందుగా సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. తరువాత పటిక ద్రావణం పోసి మొదట వేగంగా, పిదప పది నుండి ఇరవై నిమిషాలపాటు మెల్లగా కలియబెడతారు. పటికలోని అల్యూమినియం నీటిలో తెల్లని తునకలుగా విడివడుతుంది. ఆ తునకలు ఫ్లోరైడును పట్టుకొని బరువెక్కి అడుగుకు దిగుతాయి. గంటసేపు కదపకుండా ఉంచితే పైన తేటనీరు నిలుస్తుంది. ఇంటి అవసరానికైతే నలభై లీటర్ల బకెట్టు చాలు. అడుగుకు కొద్దిగా పైన కుళాయి బిగిస్తే మడ్డి కదలకుండా తేటనీటిని తీసుకోవచ్చు. విద్యుత్తు అక్కరలేదు. విదేశీ యంత్రం అక్కరలేదు. పల్లెటూరి అంగడిలో దొరికే పదార్థాలతో జరిగే ఈ శుద్ధి ఎంతో మందిని ఆకర్షించింది. ఆఫ్రికా ఖండంలో ఫ్లోరైడ్ బాధ ఉన్న టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాలలో కూడా దీనిని పరీక్షించారు. ఏ జిల్లా పేరు ఒక వ్యాధికి గుర్తుగా లోకానికి తెలిసిందో, ఆ పేరే ఆ వ్యాధికి విరుగుడైన విద్యకూ వచ్చింది.

అయినా నల్లగొండ పద్ధతి నల్లగొండ బాధను తీర్చలేకపోయింది. ఇందుకు కారణాలను నిష్పాక్షికంగా పరిశీలించాలి. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును బట్టి, క్షారత్వాన్ని బట్టి మారుతుంది. ఒక బావికి సరిపోయిన కొలత పక్క బావికి సరిపోదు. ఒకే బావికి కూడా వానకాలపు కొలత ఎండకాలంలో సరిపోకపోవచ్చు. అందువలన నీటిని తరచుగా పరీక్షించవలసి ఉంటుంది. తెల్లవారకముందే కూలికి పోయే ఇల్లాలికి ప్రతిదినం కొలిచి, కలిపి, గంటసేపు వేచి ఉండే తీరిక ఉండదు. లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల పటిక వేయడంవలన నీటి రుచి మారుతుంది. మోతాదు తప్పితే అల్యూమినియం కొంత నీటిలోనే మిగిలిపోతుంది. అడుగున చేరిన మడ్డిలో ఫ్లోరైడ్ ఉంటుంది. దానిని పెరటిలో పారబోస్తే అది తిరిగి నేలలోకే చేరుతుంది. ప్రయోగశాలలో నిరూపితమైన రసాయనశాస్త్రం తప్పు కాదు. దానిని రోజూ నడిపించే మనిషిని, ఆ మనిషి దినచర్యను లెక్కలోకి తీసుకోకపోవడమే అసలు లోపం.

కాన్పూరులోని ఐ.ఐ.టి. శాస్త్రవేత్తలు యునిసెఫ్ సహకారంతో మరొక మార్గాన్ని అభివృద్ధి చేశారు. ఉత్తేజిత అల్యూమినా అనే గుళికల పొర గుండా నీటిని పోనిస్తే ఫ్లోరైడ్ ఆ గుళికలకు అంటుకుంటుంది. రోజూ మందు కలిపే శ్రమ ఇందులో లేదు. కొంతకాలానికి గుళికల శక్తి సన్నగిల్లినప్పుడు వాటిని క్షారంతోను, ఆమ్లంతోను కడిగి మళ్లీ వాడుకోవాలి. కడిగే నేర్పరి, కడిగిన నీటిని పారబోసే చోటు ఈ పద్ధతిలోనూ అవసరమే.

నెత్తురును కడిగే యంత్రం

నీటిని శుద్ధి చేయడానికి మనిషి ఇన్ని పాట్లు పడుతూ ఉండగా, దేహంలోని నెత్తురును అనుక్షణం శుద్ధి చేసే అవయవాలు మూత్రపిండాలు. పిడికెడంత ఉండే ఈ జంట అవయవాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో పనికివచ్చేదంతా తిరిగి రక్తానికి అప్పగించి, లీటరున్నరను మాత్రమే మూత్రంగా విసర్జిస్తాయి. శరీరం గ్రహించిన ఫ్లోరైడులో పెద్దలలో దాదాపు సగం ఎముకలలో నిలుస్తుంది. తక్కిన దానిని ప్రధానంగా బయటికి పంపేవి మూత్రపిండాలే. అవి బలహీనపడినవారి దేహంలో ఫ్లోరైడ్ మరింతగా పేరుకొంటుంది. కనుక నీటి శుద్ధిని, రక్తశుద్ధిని వేర్వేరు విషయాలుగా భావించడానికి వీలులేదు.

మూత్రపిండాలు పూర్తిగా విఫలమైతే మరణం తప్పదన్నది ఇరవయ్యో శతాబ్దపు తొలి సగం వరకు ఉన్న స్థితి. 1938లో హాలెండులోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో ఇరవై రెండేళ్ల రైతుబిడ్డ ఒకడు ఆ విధంగా కన్నుమూశాడు. అతనికి చికిత్స చేసిన యువ వైద్యుడు విలెం కోల్ఫ్ ఆ మరణాన్ని మరచిపోలేకపోయాడు. రోజుకు ఇరవై గ్రాముల యూరియాను రక్తం నుండి తొలగించగలిగితే ఆ యువకుడు బతికేవాడు కదా అని ఆలోచించాడు. అదే విశ్వవిద్యాలయంలోని ఆచార్య బ్రింక్‌మన్ సెల్లోఫేన్ పొర గుణాన్ని అతనికి తెలియజేశాడు. పల్చని ఆ పొర గుండా యూరియా వంటి చిన్న అణువులు దాటిపోతాయి. రక్తకణాలు, మాంసకృత్తులు దాటలేవు. జర్మన్ సేనలు దేశాన్ని ఆక్రమించిన యుద్ధకాలంలో, కాంపెన్ అనే చిన్న పట్టణంలో, దొరికిన సామగ్రితోనే కోల్ఫ్ 1943లో కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించాడు. తొలి రోగులలో చాలామంది దక్కలేదు. 1945లో అరవై ఏడేళ్ల వృద్ధురాలు ఒకామె ఆ యంత్రంవలన ప్రాణాలు దక్కించుకొన్నది. యుద్ధం ముగిశాక కోల్ఫ్ తన యంత్రాలను ఇతర దేశాల వైద్యశాలలకు పంపి విద్యను అందరికీ పంచాడు.

అయినా ఒక ఆటంకం మిగిలింది. శుద్ధి జరిపిన ప్రతిసారీ ధమనిని, సిరను కొత్తగా కోయవలసి వచ్చేది. కొన్నిసార్లకే రక్తనాళాలు పాడయ్యేవి. దీర్ఘకాలిక రోగులకు ఆశ ఉండేది కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో గల వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ ముంజేతి ధమనిని, సిరను కలుపుతూ టెఫ్లాన్ గొట్టాన్ని శాశ్వతంగా అమర్చాడు. టెఫ్లాన్‌కు రక్తం సులువుగా అంటుకోదు, గడ్డకట్టదు. ఆ గొట్టంతో చికిత్స పొందిన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ మరో పదకొండేళ్లు జీవించాడు. 

టెఫ్లాన్ కర్బనం, ఫ్లోరిన్ కలిసి ఏర్పడిన పదార్థం. నల్లగొండ నీటిలో ఎముకలను వంచినదీ, సియాటిల్ గొట్టంలో ప్రాణం నిలిపినదీ ఒకే మూలకం. నీటిలో అది స్వేచ్ఛగా తిరిగే అయాన్. అందుకే ఎముకలోకి చొరబడుతుంది. టెఫ్లాన్‌లో అది కర్బనంతో గాఢంగా బంధింపబడి ఉంటుంది. అందుకే దేనితోనూ చర్య జరపదు. పదార్థం మంచిదా చెడ్డదా అని అడగడంకంటె, అది ఎక్కడ, ఏ రూపంలో, ఎంత మోతాదులో ఉన్నదని అడగడమే శాస్త్రీయ దృష్టి.

చికిత్స సాధ్యమైనంత మాత్రాన అది అందరికీ అందలేదు. సియాటిల్‌లో యంత్రాలు కొద్ది, రోగులు ఎక్కువ. ఎవరికి చికిత్స ఇవ్వాలో, ఎవరిని వదలాలో నిర్ణయించడానికి పట్టణ పౌరులతో ఒక సంఘాన్ని నియమించవలసి వచ్చింది. 1962లో ఈ సంగతి పత్రికలకెక్కినప్పుడు అమెరికా అంతటా నైతిక చర్చ చెలరేగింది. మన రాష్ట్రంలో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం, 2016లో కేంద్రం ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం పేదలకు ఈ చికిత్సను చేరువ చేయడానికి ఉద్దేశించినవే.

నీరే మళ్లీ కీలకం

డయాలసిస్ ఒక్కొక్క విడతకు దాదాపు 120 లీటర్ల నీరు కావాలి. వారానికి మూడు విడతలు అవసరమైన రోగి నెత్తురుకు, 360 లీటర్ల నీటికి మధ్య ఉండేది ఒక పల్చని పొర మాత్రమే. మనం తాగే నీటిలోని మాలిన్యాన్ని పేగులు, మూత్రపిండాలు కొంతవరకు అడ్డుకొంటాయి. డయాలసిస్ రోగికి ఆ రక్షణ లేదు. ఆ నీటిలోని అల్యూమినియం రోగుల మెదడులో చేరి మతిభ్రమణానికి కారణమవుతున్నదని 1976లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు వెల్లడించారు. 1993లో అమెరికాలోనే ఒక డయాలసిస్ కేంద్రంలో నీటిశుద్ధి పరికరం శక్తి నశించి, ఫ్లోరైడ్ నేరుగా నెత్తురులో కలిసి ముగ్గురు రోగులు మరణించారు. ఫ్లోరైడును తొలగించడానికి పటికను వాడితే అల్యూమినియం మిగలవచ్చు. డయాలసిస్ నీటిలో ఈ రెండూ ప్రమాదకరమే.

ఈ చిక్కును తీర్చినది మరొక విశ్వవిద్యాలయ ఆవిష్కరణ. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతీయ సంతతికి చెందిన శ్రీనివాస సౌరిరాజన్ 1960 ప్రాంతంలో సెల్యులోజ్ అసిటేట్‌తో కొత్తరకం పొరను తయారుచేశారు. పీడనం ప్రయోగించినప్పుడు ఆ పొర నీటిని పోనిచ్చి లవణాలను నిలిపివేస్తుంది. దీనినే తిరోగామి ద్రవాభిసరణం అంటారు. జనం నోట ‘ఆర్వో’గా స్థిరపడినది ఇదే. సముద్రపు నీటిని తాగునీటిగా మార్చాలన్న ఆశయంతో పుట్టిన ఈ పొర నేడు డయాలసిస్ కేంద్రంలోను, పల్లెలోని నీటిశుద్ధి కేంద్రంలోను పనిచేస్తున్నది.

అయితే ఆర్వో యంత్రం ఫ్లోరైడును నశింపజేయదు. దానిని ఒకవైపుకు నెట్టివేస్తుంది. శుద్ధజలంతో పాటు, లవణాలు చిక్కబడిన వ్యర్థజలం కూడా బయటికి వస్తుంది. చిన్న యంత్రాలలో ఈ వ్యర్థజలం శుద్ధజలంకంటె ఎక్కువగానే ఉంటుంది. దానిని మోరీలో వదిలితే ఫ్లోరైడ్ మళ్లీ ఊరి నేలలోకే ఇంకుతుంది. పటిక మడ్డికి, అల్యూమినా కడిగిన నీటికి పట్టిన గతే దీనికీ పడుతుంది. తొలగించిన విషం ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్నకు సమాధానం దొరకనిదే ఏ శుద్ధీ పూర్తికాదు.

ఇంటి వస్తువులు, కొత్త ఆశలు

పరిశోధకులు ఖరీదైన యంత్రాలతోనే ఆగిపోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చింతపండు ప్రభావాన్ని పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. కొందరు బాలురకు రోజూ భోజనంతో 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చి చూడగా, మూత్రం ద్వారా విసర్జితమయ్యే ఫ్లోరైడ్ గణనీయంగా పెరిగింది. తెలుగువారి చారుకూ పులుసుకూ ఈ గుణం ఉండడం సంతోషకరమే. అయినా అది సురక్షితమైన నీటికి ప్రత్యామ్నాయం కాజాలదు. మిర్యాలగూడ మిల్లులలో గుట్టలుగా పడే వడ్ల ఊక కూడా శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది. ధాన్యం బరువులో దాదాపు అయిదోవంతు ఊకయే. దానిని కాల్చిన బూడిదలో సిలికా అధికం. ఆ బూడిదకు అల్యూమినియం హైడ్రాక్సైడ్ పూత పెట్టి ఫ్లోరైడును తొలగించే ప్రయోగాలు ప్రయోగశాలలలో సఫలమయ్యాయి.

ఇప్పటికే కాళ్లు వంకరపోయినవారికీ, పోలియోతో కాళ్లు చచ్చుబడినవారికీ కావలసినది ఊత. హైదరాబాదులోని నిమ్స్ వైద్యశాలలో మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు ఊతలతో కాళ్లీడ్చుకొంటూ నడిచే పిల్లలను చూసిన డాక్టర్ ఎ. పి. జె. అబ్దుల్ కలాం, క్షిపణుల కోసం రూపొందించిన తేలికైన మిశ్రమ పదార్థంతో మూడు వందల గ్రాముల ఊతలను తయారు చేయించారు. తన జీవితంలో గొప్ప ఆనందాన్ని ఇచ్చిన పనులలో ఇది ఒకటని ఆయన అనేక సభలలో చెప్పారు.

ప్రజల గొంతు

నల్లగొండ ప్రజలు ఆవిష్కరణల కోసం చేతులు కట్టుకొని కూర్చోలేదు. సూర్యాపేట జిల్లా మోతె మండలంలోని రాఘవాపురానికి చెందిన దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి ఉద్యమించింది. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం ఒక పుస్తకమంత అయింది. పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. తాగే నీటిలో విషమున్నదని ఎన్నేళ్లు మొరపెట్టుకొన్నా వినని దేశం, ఆ బ్యాలెట్ పుస్తకాన్ని చూసి నల్లగొండ వైపు తలతిప్పింది. ఎవరినీ నొప్పించకుండా, రాజ్యాంగం ఇచ్చిన హక్కుతోనే సాగిన నిరసన అది.

2015 జూన్‌లో చౌటుప్పల్ వద్ద ఇంటింటికీ నల్లా నీరు అందించే పథకానికి పునాది పడింది. మిషన్ భగీరథగా పేరొందిన ఆ పథకాన్ని 2016 ఆగస్టులో గజ్వేల్‌లో ప్రారంభించారు. శుద్ధిచేసిన కృష్ణాజలాలు ఉమ్మడి నల్లగొండ పల్లెలకు చేరాయి. 2015లో తెలంగాణలో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య 2020 ఆగస్టు నాటికి సున్నాకు చేరిందని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. భూగర్భంలోని నీరు శుద్ధి కాలేదు. ప్రజలు తాగే నీరు మారింది. బోరు నీటిలో ఫ్లోరైడ్ నేటికీ ఉన్నది. నల్లా ఆగిన రోజున మళ్లీ బోరును ఆశ్రయిస్తే పాత శత్రువు ఎదురవుతాడు. మారిన నీరు పుట్టబోయే బిడ్డల ఎముకలను కాపాడగలదు. వంగిన నడుములను నిటారుగా నిలపలేదు. ఆ తరానికి వైద్యం, ఊత, పింఛను అందించవలసిన బాధ్యత సమాజానికి ఇంకా మిగిలే ఉన్నది.

నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం వెలసింది. 2019లో నల్లగొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు పరిశోధకులు దూరతీరాల నుండి వచ్చి ఇక్కడి రోగులను చూసి వెళ్లేవారు. ఇకమీదట ఇక్కడి బిడ్డలే పరిశోధకులు కావడానికి మార్గం ఏర్పడింది. బోరు నీటిని తాగిన తల్లి దినచర్య వారికి తెలుసు. మడ్డిని ఎక్కడ పారబోస్తారో తెలుసు. ఆ ఎరుకతో రూపొందే ఆవిష్కరణ, నల్లగొండ పేరును మాత్రమే ధరించక నల్లగొండ ఇంటిలో నిలిచి పనిచేస్తుంది.

పదాలు – అర్థాలు

స్నాయువు = ఎముకలను కలిపి ఉంచే గట్టి నరంవంటి భాగం
ధమని = గుండె నుండి రక్తాన్ని కొనిపోయే నాళం
సిర = గుండెకు రక్తాన్ని చేర్చే నాళం
నిష్పాక్షికంగా = ఏ పక్షమూ వహించకుండా
విరుగుడు = విషాన్ని హరించేది
మడ్డి = అడుగున పేరుకొనే చిక్కని మలినం
ఎరుక = తెలివిడి, జ్ఞానం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నల్లగొండ పద్ధతిని వివరించి, అది ఆ జిల్లా సమస్యను తీర్చలేకపోవడానికి గల కారణాలను చర్చించండి.
2. నీటిశుద్ధికీ రక్తశుద్ధికీ గల సంబంధాన్ని పాఠ్యభాగం ఆధారంగా నిరూపించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఎండలో పనిచేసే కూలీకి ఫ్లోరైడ్ నీరు ఎక్కువ హాని చేయడానికి కారణమేమి?
2. విలెం కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించడానికి ప్రేరణ ఏది?
3. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ ప్రజలు తమ నిరసనను ఏ విధంగా తెలిపారు?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “కరువుకూ ఫ్లోరైడుకూ చుట్టరికం కలిసింది.”
2. “తొలగించిన విషం ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్నకు సమాధానం దొరకనిదే ఏ శుద్ధీ పూర్తికాదు.”

IV. కింది పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.
జలాశయం, వైద్యాలయం, ప్రత్యేకం, భాగ్యోదయం

V. మీ ఇంటికి వచ్చే తాగునీరు ఎక్కడి నుండి వస్తున్నదో, దానిని ఎవరు, ఎప్పుడు పరీక్షిస్తున్నారో తెలుసుకొని ఒక పుట మించకుండా నివేదిక రాయండి.